డేరా సంగతి ఎవరూ చెప్పలేదు

"తొంభై మూడు శాతం," అంటూ శాతాల సారు ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టాడు. "ఇంకేం కావాలి గురువు గారూ మీకు?"

నాకు ముందు ఒక కుర్చీ కావాలి. అప్పుడే ఆ గది గుమ్మం దాకా వెళ్లి, లోపల అడుగు పెట్టలేక తిరిగొచ్చాను. పోలీసు డిపార్ట్‌మెంట్‌లో ఉన్నన్నాళ్లూ నన్ను 'పిరికి' అనే పిలిచేవారు. ప్రైవేటు డిటెక్టివ్‌నయ్యాక బోర్డు మీద ఆ పేరు రాయించలేదు గానీ, పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? శవమంటే భయం. ఎత్తంటే భయం. అన్నిటికన్నా మూసిన చోటంటే భయం. ఏడంతస్తులైనా మెట్లెక్కుతాను గానీ లిఫ్టులో కాలు పెట్టను. అలాంటివాడికి ఆ గదిలో కనబడింది, మంచం మొత్తాన్నీ కప్పేసిన ప్లాస్టిక్ డేరా.

మొన్న మధ్యాహ్నం ఆ డేరాలోనే ఒక అమ్మాయి చచ్చిపోయింది. మారథాన్ పరిగెత్తేది. పిట్టంత మనిషని ట్రైనింగ్ క్యాంపంతా పిచ్చుక అనేవారు. ఉదయం పరుగయ్యాక రన్నర్లందరూ భోంచేసి రెండింటి నుంచి నాలుగింటి దాకా పడుకుంటారు. నాలుగింటికి అందరూ లేచారు, పిచ్చుక లేవలేదు. కుడిచేతిలో సిరంజి, ఎడమ మోచేతి మడతలో సూదిగుర్తు, ఒంట్లో రక్తం పెంచే మందు. రక్తం చిక్కబడి గుండె ఆగిందన్నారు.

శాతాల సారు డోపింగ్ నిరోధక సంస్థ తరఫున వచ్చిన పరిశోధకుడు. ముప్పై రెండేళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా. నోరు తెరిస్తే శాతాలే రాలతాయి కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను.

"ఆ అంకె ఎవరిచ్చారు బాబూ?" అన్నాను కుర్చీలో కూలబడి.

"మూడు చాట్‌బాట్లు. మూడింటికీ ఒకే ప్రశ్న. ఈ రన్నర్ డోపింగ్ చేసి ఉండే అవకాశం ఎంత? ఒకటి తొంభై ఒకటంది, ఇంకోటి తొంభై మూడు, ఇంకోటి తొంభై అయిదు. సగటు తీశాను."

"ముగ్గురు జాతకాల వాళ్లనడిగి సగటు తీసినట్టు."

"జాతకం కాదండీ ఇది. రక్తం లెక్కలున్నాయి, టైమింగులున్నాయి. ఎనిమిది నెలల్లో అంత మెరుగవడం ఉంది. ఒకసారి టెస్టుకి దొరక్కపోవడం ఉంది. సిరంజి చేతిలో ఉంది. ఇంకా మీరు హత్య అంటే జనం నవ్విపోతారు."

"చాట్‌బాట్లు ఇంకేమీ అనలేదా? అంకె చెప్పి ఊరుకున్నాయా?"

అతను ఫోను తెరని కిందికి జరిపాడు. "కింద ఏదో హెచ్చరిక ఉంటుంది. దీన్ని సాక్ష్యంగా వాడొద్దు, వివరాలు పూర్తిగా ఉండకపోవచ్చు... అది అన్నిటికీ ఉండేదే. రిపోర్టులో తీసేశాను."

"ప్రశ్నలో రాసిన వివరాలు నువ్వే పోగు చేశావా?"

"క్యాంపు ఆఫీసు నుంచి మెయిల్లో వచ్చాయి. ఎవరో చాలా శ్రద్ధగా రాశారు. అలాగే అతికించాను." ఫోను మళ్లీ పైకి జరిపాడు. "ఇవాళ పొద్దున చెల్లెలి వివరాలు కూడా వచ్చాయి. ఎనభై ఎనిమిది. అక్క తీసుకుంటే చెల్లెలు ఊరుకుంటుందా?"

ఆ చెల్లెలే నన్ను పిలిపించింది. పేరు చిట్టి. పిచ్చుకతో ఒకే గదిలో ఉండేది. అక్కకి చచ్చాక ఒక అంకె తయారైంది. ఇప్పుడు చెల్లెలికి బతికుండగానే తయారైంది.

"ఆ మెయిలు పంపిందెవరో కనుక్కో," అన్నాను.

"ఎందుకు?"

"నేను భయస్తుణ్ణి బాబూ. నాకు ప్రతిదీ కావాలి."

పగలబడి నవ్వాడు. కానీ గది తాళంచెవి మాత్రం బల్ల మీద పడేశాడు. "సాయంత్రం ఆరింటికి ఫైలు మూసేస్తాను. ఈలోగా డేరాతో ఆడుకోండి. కనుక్కుని మెసేజ్ పెడతాలెండి, మీ తృప్తి కోసం."

*

చిట్టి వంటింటి పక్క గదిలో పిన్ని మంచం మీద ముడుచుకుని కూర్చుంది. ఇరవై ఏళ్లు దాటని పిల్ల. రెండు రోజులుగా ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయాయి.

పిన్ని అంటే క్యాంపు వార్డెన్. అరవై అయిదేళ్ల మనిషి. రన్నర్లెవరికీ చుట్టం కాదు, అందరికీ పిన్నే. వాళ్ల జ్వరాలకి మందులు, పుండ్లకి కట్లు, రక్తపరీక్షల కాగితాలు, పడుకునే ముందు గ్లాసెడు వేడి పాలు, అన్నీ ఆమే చూస్తుంది. పిచ్చుకా చిట్టీ ఉండే గది ఈమె గదికి ఆనుకునే ఉంది, మధ్య ఒక్క గోడ.

"భయంగా ఉంది సార్," అంది చిట్టి. "అక్క సూదంటేనే వణికిపోయేది. రక్తం తీసేటప్పుడు నా చెయ్యి పట్టుకునేది. తనంతట తనే గుచ్చుకుందంటే నేనెలా నమ్మాలి?"

"ఆ మధ్యాహ్నం నువ్వెక్కడున్నావమ్మా?"

"కోచ్ సారు నన్ను మాత్రం ఫిజియో దగ్గరికి పంపారు. మడమ నొప్పి. నేను తిరిగొచ్చేసరికి..." పిన్ని దగ్గరికొచ్చి తల నిమిరింది.

"నువ్వు కూడా డేరాలోనే పడుకుంటావా?"

"అందరం. లోపల గాలిలో ఆక్సిజన్ తగ్గించే మెషీన్ ఉంటుంది. కొండల మీద ఉన్నట్టన్నమాట. ఒళ్లు అలవాటు పడి రక్తం పెరుగుతుంది. అది తప్పు కాదు సార్, మా క్యాంపులో నియమమే. కానీ ఆ రోజు నా మెషీన్ లేదు. పొద్దున పరుగు నుంచి వచ్చేసరికే రిపేరని ఎవరో తీసుకెళ్లారు. మర్నాటికి మళ్లీ దాని చోట్లో అదే ఉంది."

"ఎవరు తీసుకెళ్లారు?"

"తెలీదు. కోచ్ సారు మనుషులే అయ్యుంటారు."

రక్తం పెరుగుతుంది. ఆ ముక్క దగ్గరే నేను ఆగిపోయాను. శాతాల సారు చూపించిన ప్రశ్నని ఫోనులో ఫొటో తీసుకుని ఉన్నాను. తీసి చదివాను. వయసుంది, బరువుంది, రక్తం లెక్కలున్నాయి, గుండె వేగం ఉంది, తప్పిన టెస్టు ఉంది, ఆఖరికి పళ్లపొడి పేరు కూడా ఉంది. డేరా లేదు. క్యాంపులో కుక్కకి కూడా తెలిసిన సంగతి, రక్తం పెరగడానికి అసలు కారణం, ఆ ఒక్కటే లేదు.

అక్కడే కూర్చుని అదే ప్రశ్నని నా ఫోనులో చాట్‌బాట్‌కి ఇచ్చాను. తొంభై రెండంది. తర్వాత ఒక్క వాక్యం కలిపాను: ఈమె రోజూ ఆక్సిజన్ తగ్గించిన డేరాలో నిద్రపోతుంది. జవాబు రాగానే పైకే చదివేశాను.

"ఇది చాలా ముఖ్యమైన విషయం. దీంతో నా అంచనా ముప్పై అయిదుకి తగ్గుతుంది. ఈ వివరం మొదటి ప్రశ్నలో ఎందుకు లేదో అడిగి తెలుసుకోవడం మంచిది."

"ముప్పై అయిదు!" అంది చిట్టి. రెండు రోజుల్లో మొదటిసారి దాని ముఖంలో కాస్త రక్తం కనబడింది.

"అయ్యో, అంత పెద్ద సంగతి ఎవరు మర్చిపోయారో నాయనా," అంది పిన్ని పాలు వడబోస్తూ.

"మర్చిపోలేదమ్మా. పళ్లపొడి గుర్తున్నవాడు డేరా మర్చిపోడు. డేరా వైపు ఎవరూ చూడకూడదనుకున్నాడు."

చెప్పేశాక నాకే ఒళ్లు జలదరించింది. అంటే ఆ డేరాలో ఏదో ఉంది. అంటే నేను అందులోకి వెళ్లాలి.

నా ముఖం చూసి పిన్నికి జాలేసినట్టుంది. నా ఎదురుగా కూర్చుని నెమ్మదిగా పలకరించింది. "పాలిపోయావేంటి నాయనా? ఎన్నేళ్లు నీకు?"

"యాభై నాలుగు."

"షుగర్ ఉందా?"

"ఉంది. బీపీ కూడా."

"అయితే నీకు చక్కెర లేకుండా ఇస్తా. సిగరెట్లు తాగుతావా?"

"లేదమ్మా."

"మంచి పని. మరి దేనికంత భయం?"

ఇన్నేళ్ల సర్వీసులో నన్నెవరూ అలా అడగలేదు. అడిగినవాళ్లు నవ్వడానికే అడిగారు. చిన్నప్పుడు బియ్యం డ్రమ్ములో దాక్కుని మూత పడిపోయిన సంగతి, అప్పటినుంచి మూసిన చోట గుండె ఎలా కొట్టుకుంటుందో, అన్నీ చెప్పుకున్నాను. ఆమె మా అమ్మలాగే 'ఊ' కొడుతూ విన్నది.

"కోచ్ ఎలాంటివాడు?" అని అడిగాను చివరికి.

"వాడు నా తమ్ముడే. అమ్మ పోతే నేనే పెంచాను. కోపిష్టి, అంతే. లోపల వెన్న."

తమ్ముడి గురించి ఏ అక్కైనా ఆ మాటే అంటుంది. పిన్ని అటు తిరిగి గిన్నె కడుగుతుంటే చిట్టి తన పాలగ్లాసు మెల్లగా నా వైపు జరిపింది. "నాకు పాలు పడవు సార్. పారబోస్తే పిన్ని బాధపడుతుంది. మీరు తాగెయ్యరూ," అని గొణిగింది. నాదీ తాగి, దానిదీ తాగాను. దాంట్లో చక్కెర దండిగా ఉంది. షుగరు సంగతి తర్వాత చూసుకుందామనుకున్నాను.

లేచి వస్తూ పిన్నితో అన్నాను. "ఈ పిల్లని మీ గదిలోంచి కదలనివ్వకండి. కోచ్ వచ్చి పిలిచినా సరే పంపకండి. దీన్ని మీ చేతుల్లో పెడుతున్నాను."

"నా ప్రాణం అడ్డేస్తాను నాయనా," అందామె.

*

కోచ్ మైదానం అంచున స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా ఒక్క రన్నరూ లేడు. పడుకునే వేళ కావస్తోంది, అందరూ గదులకి వెళ్లిపోయారు. ఖాళీ ట్రాకు వంక చూస్తూ వాచీ నొక్కుతున్నాడు, ఆపుతున్నాడు.

"శాతాల సారుకి వివరాలు పంపింది మీరేనా?"

"ఏం వివరాలు?"

"పిచ్చుక రక్తం లెక్కలు. ఇవాళ చిట్టివి కూడా."

"నా పిల్లల లెక్కలు నేను బయటివాళ్లకి పంపుతానా? ఎవరయ్యా నువ్వు? మా అక్క రానిచ్చింది గనక ఊరుకుంటున్నా."

"ఆ మధ్యాహ్నం చిట్టిని ఫిజియో దగ్గరికి ఎందుకు పంపారు?"

"మడమ బాగాలేదని చెప్పారు, పంపాను."

"ఎవరు చెప్పారు?"

వాచీ జేబులో పడేసి ఒక అడుగు ముందుకేశాడు. నేను రెండడుగులు వెనక్కేశాను. "ఆ గది జోలికెళ్లకు," అన్నాడు గొంతు తగ్గించి. "ఆ గదిలో ఇంకెవరికీ ఏమీ అవకూడదు. చాలు. నాకిక చాలు."

బెదిరింపో, బతిమాలుకోవడమో నాకు తేలలేదు. బెదిరింపనే రాసుకున్నాను. భయస్తుడికి అన్నీ బెదిరింపుల్లాగే వినపడతాయి.

*

రెండు దాటింది. క్యాంపులో ఆ వేళ చెప్పులతో నడవకూడదు, మాట్లాడకూడదు. నిద్ర కూడా వీళ్లకి పరుగంత పనే. వరండా పొడవునా మూసిన తలుపుల వెనక మెషీన్లు సన్నగా మూలుగుతున్నాయి. నేనూ చెప్పులు విడిచి, తాళం తీసి లోపలికెళ్లాను.

రెండు మంచాలు. చిట్టి మంచం మీది డేరాని ఎవరో విప్పి తీసుకెళ్లారు, దాని పక్కన మెషీను కూడా లేదు. పిచ్చుక మంచం మీద డేరా అలాగే ఉంది. మందపాటి ప్లాస్టిక్, అంచులు పరుపు కిందికి దోపి ఉన్నాయి. తల దగ్గర బీరువా. కాళ్ల వైపు మెషీను, దాన్నుంచి ఒక గొట్టం డేరాలోకి వెళుతోంది. పక్కన జిప్పు.

బయటనుంచి చూసినంతసేపు చూశాను. ఇక చూడ్డానికేమీ మిగల్లేదు. ఫోను కుర్చీ మీద నిలబెట్టి, రికార్డింగ్ పెట్టాను. చచ్చినా సాక్ష్యం ఉంటుందని నాలో నేనే జోకు వేసుకున్నాను. నవ్వు రాలేదు. జిప్పు తీసి, బారుగా తెరిచి ఉంచి, మంచమెక్కి పడుకున్నాను.

గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ప్లాస్టిక్‌కి ఇంకా ఆ అమ్మాయి తలనూనె వాసన ఉంది.

దిండు పక్కన వేలి క్లిప్పు ఉంది. ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపించేది. డేరాలో పడుకునే ప్రతివాళ్లూ ముందు దాన్ని వేలికి పెట్టుకునే పడుకుంటారు. శాతాల సారు చూపించిన ఫొటోలో అది పిచ్చుక కుడిచేతి చూపుడువేలికి ఉంది. నేనూ అక్కడే పెట్టుకుని, జేబులోంచి పెన్ను తీసి సిరంజిలా పట్టుకోబోయాను. కుదర్లేదు. క్లిప్పు లావుగా అడ్డొచ్చింది. పెన్ను నిలవలేదు, బొటనవేలితో నొక్కడం అసలే కాలేదు. మూడుసార్లు ప్రయత్నించాను. ఆ చేత్తో పిచ్చుక తనకి తానే సూది గుచ్చుకోలేదు. నిద్రపోయిన చేతిలో ఎవరో సిరంజి పెట్టారు. రోజూ అలవాటుగా ఉండే క్లిప్పు వాళ్ల కంటికి ఆనలేదు.

తల వెనక్కి వాల్చాను. బయటికి బీరువా చాటున పడిపోయే చోట, పడుకున్నవాడికి మాత్రమే కనబడేలా, ప్లాస్టిక్‌లో ఇంకో గుండ్రటి రంధ్రం. దాని మూత కొత్తగా నొక్కి పెట్టినట్టుంది, చుట్టూ టేపు పీకిన జిగురు మరక. ఆ రోజు ఈ డేరాలోకి ఒకటి కాదు, రెండు గొట్టాలు వచ్చాయి. రిపేరుకెళ్లిన చిట్టి మెషీను రిపేరుకెళ్లలేదు. బీరువా వెనక కూర్చుని ఈ డేరాలోకే ఊది, ఉన్న ఆక్సిజన్‌ని ఇంకా తగ్గించింది.

మరి ఊపిరాడకపోతే అమ్మాయి లేవలేదా? బయటికి రాలేదా? చెయ్యి జాపి లోపలివైపు జిప్పు పట్టుకోబోయాను. పట్టుకోవడానికి అక్కడేమీ లేదు. లోపలివైపు జిప్పు లాగే ముక్కని ఎవరో కత్తిరించేశారు.

ఇక చాలు, బయటపడదామని లేవబోయాను. కాళ్లు లేవలేదు. భయమనుకున్నాను. నా భయం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, అందులో ఒళ్లు తేలికవుతుంది, చెమట పడుతుంది. ఇది బరువు. రెప్పలు కూడా బరువే.

కుర్చీ మీద ఫోను వెలిగింది. ప్లాస్టిక్ మీదుగా శాతాల సారు మెసేజ్ మసగ్గా కనబడింది. పెద్ద అక్షరాలు పెట్టుకునే అలవాటు నాకు, కళ్లు ఆనవు కాబట్టి.

'మెయిలు పంపింది కోచ్ కాదు గురువు గారూ. వార్డెనమ్మ.'

దొంగ చేతికి తాళాలివ్వడమంటారు. నేను పిల్లనే ఇచ్చాను.

తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. చెప్పుల్లేని కాళ్లు. పిన్ని వచ్చి కుర్చీ మీద ఫోను తీసుకుని, మెసేజ్ చదివి, నిట్టూర్చి ఆఫ్ చేసింది. "ఆ అబ్బాయికి నోరాగదు," అంది. తర్వాత పాపకి దుప్పటి కప్పినంత నెమ్మదిగా డేరా జిప్పు కిందిదాకా లాగింది. మెషీన్ ఆన్ చేసింది.

అరవబోయాను. గొంతులోంచి గాలే వచ్చింది.

"గట్టిగా పీల్చకు నాయనా. ఉన్న గాలి తొందరగా అయిపోతుంది."

"ఎందుకు..." అన్నాను.

"ఈ పిల్లల పాలల్లో రక్తం పెంచే మాత్రలు కలిపేది నేనే. తమ్ముడికి తెలీదు. వాడి పిల్లలు ఓడిపోయిన ప్రతిసారీ వాడు అన్నం మానేసేవాడు. చూడలేకపోయాను." కుర్చీ లాక్కుని కూర్చుంది. "పిచ్చుక రుచిలో తేడా పట్టేసింది. పిన్నీ, మన పాలల్లో ఎవరో ఏదో కలుపుతున్నారు, పెద్దవాళ్లకి చెబుదామంది. ఎవరి దగ్గరికి వచ్చి చెప్పిందనుకున్నావ్? నా ఒళ్లో తలపెట్టుకుని ఏడ్చింది."

ఆమె కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూసి నేను భయపడినంత ఎప్పుడూ భయపడలేదు.

కళ్లజోడు తుడుచుకుని, తన ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. "మగమనిషి, యాభై నాలుగేళ్లు. షుగరు, బీపీ. మూసిన చోటంటే చచ్చేంత భయం. ఆక్సిజన్ తక్కువున్న డేరాలోకి తనంతట తనే వెళ్లాడు. గుండె ఆగే అవకాశం ఎంత?"

ఫోను మర్యాదగా జవాబిచ్చింది. "కచ్చితంగా చెప్పలేను. ఈ వివరాలను బట్టి నలభై శాతం దాకా ఉండవచ్చు. ఆయన ఇప్పుడు లోపల ఉంటే వెంటనే బయటికి తీసుకురండి. అంబులెన్స్‌కి ఫోన్ చేయండి."

"నలభై చాలదు," అని గొణుక్కుంది. మళ్లీ ఫోను ఎత్తింది. "రోజుకి రెండు పెట్టెల సిగరెట్లు కాలుస్తాడు. వాళ్ల నాన్న కూడా గుండెపోటుతోనే పోయాడు."

నేను జన్మలో సిగరెట్టు ముట్టలేదు. మా నాన్నకి ఎనభై రెండేళ్లు. ఇవాళ పొద్దున కూడా ఫోన్ చేసి నన్ను తిట్టాడు. పిచ్చుక అంకె తొంభై మూడుకి ఎలా ఎక్కిందో అప్పుడు నాకు అర్థమైంది. నమ్మించేంత పెద్దదయ్యేదాకా ఒక మాట తీసి, ఒక మాట కలిపి, ఓపికగా వండింది.

"డెబ్బై ఒకటి," అని చదివింది పిన్ని. "ఆ, పర్లేదు. నమ్ముతారు."

"చిట్టి..." అన్నాను.

"నా గదిలోనే పడుకుంది. నువ్వు అప్పజెప్పావుగా. పాలు తాగింది, నీలాగే మత్తుగా ఉంది. దాని డేరా, మెషీను నా మంచానికి బిగించాను. అక్క లేని బెంగతో అదీ అదే సూది గుచ్చుకుందంటారు. దాని లెక్క పొద్దునే చూశాను, ఎనభై ఎనిమిది." లేచి, కుర్చీని ఉన్నచోటే సర్దింది. "అది కూడా నా బిడ్డలాంటిదే నాయనా. కానీ తమ్ముడు తమ్ముడే కదా."

తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది. వేలి మీద క్లిప్పు అంకె ఎర్రగా వెలుగుతూ దిగుతోంది. కుడిచేతిలో ఇంకా పెన్ను ఉంది. దాని మొనని ప్లాస్టిక్‌కి ఆనించగలిగాను గానీ నొక్కే బలం లేదు. చిట్టి గ్లాసు నా కడుపులో ఉంది మరి. రెండు గ్లాసుల మత్తూ నాదే.

ఆ సంగతి పిన్నికి తెలీదు. మత్తులోనే అది తట్టింది నాకు. చిట్టి పాలు తాగలేదు. చిట్టి నిద్రపోవడం లేదు. అక్క చచ్చిన డేరాలాంటి డేరాలో, కళ్లు గట్టిగా మూసుకుని, ఊపిరి బిగబట్టుకుని పడుకుని ఉంది.

గోడ అవతల మెషీన్ మోగడం మొదలైంది. నేను పళ్లు బిగించి పెన్ను మీద నా బరువంతా వేశాను. ప్లాస్టిక్ సాగింది, చిరగలేదు. అవతల మెషీన్ మోగుతూనే ఉంది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో పిన్ని గొంతు వినబడింది. అందులో నాయనా లేదు, అమ్మా లేదు.

"చిట్టీ, ఆ ప్లగ్గు ఎందుకు పీకావే?"